రాయి వేడెక్కినప్పుడు

పొద్దున్న ఏడింటికల్లా పిండి మర ముందు డబ్బాలు వరసలో కూర్చున్నాయి. మోటారు మోగింది, బెల్టు టపటపలాడింది, తెల్లటి ధూళి గుమ్మం దాకా లేచింది. అన్నీ రోజూలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. రాళ్ల పక్కన స్టూలు మీద ఉండాల్సిన మనిషి గోడకి ఇవతల, వెనక గదిలో మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటోంది.

వీధంతా ఆమెను మర పెద్దమ్మ అంటుంది. భర్త పోయాక ఇరవై ఆరేళ్లు ఆ మరను నడిపి కొడుకుని పెంచింది. గొట్టంలోంచి రాలే పిండిని కుడిచేతి రెండు వేళ్ల మధ్య ఒక్కసారి రాసి చూస్తే చాలు, పై రాయిని ఎంత దించాలో ఎంత ఎత్తాలో చెప్పేసేది. అలాంటి మనిషి రెండు నెలలుగా గది దాటలేదు.

ఇల్లిల్లూ తిరిగి ఒంటిమీద మచ్చలు చూసే నర్సమ్మ ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చినప్పుడు, ఈమె ఎడమ ముంజేతి మీద పాలిపోయిన మచ్చ కనబడింది. దూదితో రాసి, తగిలిందా అని అడిగింది. తగల్లేదు. పరీక్షల్లో కుష్టు అని తేలింది. ఆర్నెల్లు మాత్రలు మింగితే పోతుందనీ, మందు మొదలుపెట్టాక ఇంకొకరికి అంటుకుంటుందన్న భయం అక్కర్లేదనీ నర్సమ్మ చెప్పింది. ఇంట్లోవాళ్లకి జబ్బు పేరు వినబడింది కానీ ఆ తర్వాతి మాటలేవీ చెవికెక్కలేదు.

"ఆర్నెల్లేగా అమ్మా. లోపలే ఉండు. మోకాళ్ల నొప్పులని చెప్తా" అన్నాడు కొడుకు.

ఆమె బేరం తూచి చూసుకుంది. ఆర్నెల్ల చీకటికి కొడుకు మనశ్శాంతి. సరే అంది. కానీ గది బయట తనకని ఒక కంచం, ఒక గ్లాసు వేరే పెట్టారని తెలిశాక, ఆ బేరంలో మోసపోయింది తనేనని అర్థమైంది.

అదీ ఓర్చుకుంది. పది రోజుల కిందట మచ్చ ఎర్రబడింది. మూడు రోజుల్లో పొంగి, ముట్టుకుంటే కాలేలా తయారైంది. మోచేతి దగ్గర నరం లాగడం మొదలైంది. చిటికెన వేలు పక్క వేలికి దూరంగా వంగి, మాట వినడం మానేసింది.

కొడుకు చూసి హడలిపోయాడు. "మాత్రలు వేసుకోకముందు నొప్పే లేదు. ఇదంతా వాటివల్లే. రాయి వేడెక్కితే ఇంకేం ఆలోచించకుండా ముందు మర ఆపెయ్యమని నువ్వే కదమ్మా నేర్పావు?"

నిజమే, నేర్పింది తనే. మాడు వాసన వచ్చాక ఒక్క నిమిషం తటపటాయిస్తే తొట్టిలో ఉన్నదంతా పాడవుతుంది, రాయి పగిలినా పగులుతుంది. ఇరవై ఆరేళ్లలో ఆ సూత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే మారుమాట లేకుండా మాత్రల అట్టని అలమార పైకి విసిరింది. అది జరిగి ఇవాళ్టికి అయిదు రోజులు.

ఇంతలో గోడ అవతల గొడవ మొదలైంది.

"ఇది పిండా, ఇసకా? వందమంది పిల్లలకి వండాలయ్యా నేను! పోయినసారీ ఇంతే!" హాస్టల్ వంటాయన గొంతు మోటారుని మించిపోయింది.

ఆమె లేచింది. చంటిపిల్లని చంకనేసుకున్న కోడలు గుమ్మానికి అడ్డంగా వచ్చింది.

"బయటికెళ్లకండి అత్తయ్యా. ఆయన కోప్పడతారు."

"కోపం వాడిది, మర నాది. ఎవరిది వాళ్లం చూసుకుంటాం. తప్పుకో."

కోడలు పిల్లని గుండెకి అదుముకుని పక్కకి జరిగింది. ఆ అదుముకోవడం ఆమె చూసింది, చూడనట్టు నడిచింది.

మర గదిలోకి అడుగుపెట్టగానే వంటాయన చేతులు జోడించాడు. "వచ్చావా తల్లీ! మోకాళ్లెలా ఉన్నా సరే, ముందు ఈ పిండి సంగతి చూడు."

ఆమె కుడిచేత్తో చిటికెడు పిండి తీసి రాసింది. "బరకగా వస్తోంది. పై రాయి దించు" అంది కొడుకుతో. వాడు పళ్లు నూరుకుంటూ, "లోపలికి పదమ్మా" అని గొణిగాడు. ఆమె వినిపించుకోకుండా పక్కనే నిలబడ్డ ఎదురింటావిడ పిండి డబ్బాని ఎడమచేత్తో అందుకుంది. చిటికెన వేలు పట్టు ఇవ్వలేదు. డబ్బా జారి నేల మీద బోర్లా పడింది, పిండంతా ఒలికింది. చెయ్యి చాచిన ఊపులో చీర కొంగు తొలగి, ఎర్రగా పొంగిన ముంజేయి అందరికీ కనబడింది.

సరిగ్గా అప్పుడే వీధి మెట్లెక్కి వచ్చింది నర్సమ్మ.

"వెనక నుంచి రమ్మన్నాను కదండీ మిమ్మల్ని!" కొడుకు మొహం పాలిపోయింది.

"వెనక తలుపు రెండుసార్లు కొట్టాను బాబూ. మీ మర చప్పుడులో ఎవరికి వినబడుతుంది?" అంటూనే నర్సమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని మోచేతి దగ్గర మెల్లిగా తడిమింది. ఆమె కెవ్వుమంది. "ఇది ఎన్నాళ్ల నుంచి? మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఆపేశాం. వాటివల్లే చెయ్యి ఇలా అయింది" అన్నాడు కొడుకు.

"రాయి వేడెక్కితే మర ఆపమా మరి?" అంది పెద్దమ్మ, తప్పేముందన్నట్టు.

నర్సమ్మ మోటారు ఆపమంది. చప్పుడు ఆగిపోయేసరికి గదిలో అందరి ఊపిరీ వినబడింది.

"వినండి. ఈ క్రిమి చాలా నెమ్మదైంది. ఏళ్ల తరబడి చర్మంలో, నరాల్లో దాక్కుంటుంది. మీ ఒంట్లో కాపలా కణాలుంటాయి. అవి దీన్ని మింగుతాయి కానీ చంపలేవు. ఇది వాటి కడుపులోనే హాయిగా కాపురం పెట్టేస్తుంది. ఇన్నాళ్లూ అదే జరిగింది. ఇప్పుడు మాత్రలు క్రిమిని చంపుతున్నాయి. చచ్చినవాటి ముక్కలు బయటపడేసరికి మీ ఒళ్లు శత్రువుని గుర్తుపట్టింది. కాపలా అంతా ఒక్కసారి మీద పడింది. ఈ ఎరుపు, ఈ వాపు ఆ పోట్లాటే."

"అంటే చెయ్యి గెలుస్తోందా, ఓడుతోందా?" పెద్దమ్మ సూటిగా అడిగింది.

"గెలుస్తోంది. కానీ నరం ఇరుకు సందులాంటిది. ఇరుకు సందులో కొట్లాట జరిగితే ముందు పక్కిళ్ల గోడలు కూలతాయి. మీ వేలు అందుకే పడిపోతోంది. ఆ ఆవేశం తగ్గించడానికి వేరే మందుంది, డాక్టరు చూసి ఇస్తారు. పాత మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదు. అవి ఆపితే మిగిలిన క్రిమికి మీరే ఊపిరి పోసినట్టు."

"వేలు వెనక్కి వస్తుందా?"

"ఇవాళే ఆస్పత్రికి వెళ్తే చాలావరకు రావచ్చు. నెల ఆగితే నేను మాటివ్వలేను."

పెద్దమ్మ ఇక ఆలోచించలేదు. లెక్క తేలిపోయింది. ఎదురింటావిడ మెల్లిగా ఖాళీ డబ్బా అందుకుంటూ, "ఇంతకీ ఏం జబ్బు?" అని నర్సమ్మని అడిగింది.

"మోకా..." అన్నాడు కొడుకు.

"కుష్టు" అంది పెద్దమ్మ. "కుష్టు దాని పేరు. దొంగతనం చేసి తెచ్చుకోలేదు. మందుంది, మింగుతాను. ఇష్టమున్నవాళ్లు నా దగ్గర పట్టించుకోండి, లేనివాళ్లు అవతలి వీధి మరకి వెళ్లండి. ఒలికిన పిండికి బదులు కొత్తది పట్టిస్తా."

ఎదురింటావిడ బదులు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. హాస్టల్ వంటాయన తల గోక్కున్నాడు. "అమ్మా నర్సమ్మా, పిండిలోంచి వస్తుందా ఇది?"

"రాదు. వచ్చేదైతే నేనే మర మూయించేదాన్ని."

"అయితే పెద్దమ్మా, నువ్వెళ్లి ఆ వేలు బాగుచేయించుకో. మీవాడి ఇసక ఇంకో వారం తింటే మా పిల్లలు నన్ను నమిలేస్తారు."

కొడుకు మాత్రం మండిపడ్డాడు. "రెండు నెలలు నేను కాపాడుకొచ్చిన పరువు రెండు నిమిషాల్లో బజార్లో పెట్టావు కదమ్మా!"

"నువ్వు కాపాడింది పరువురా? నన్ను దాచావు, అంతే! వేరే కంచంలో తిన్న ప్రతి ముద్దా నేను తప్పు చేశానని చెప్పింది నాకు. ఒంట్లో ఉన్న కాపలాకి ఉన్నపాటి తెలివి ఇంట్లో ఉన్న కాపలాకి లేకపోయె. అది కనీసం శత్రువుని వెతికి కొడుతోంది. మీరు నన్ను కొట్టారు."

గుమ్మంలో నిలబడ్డ కోడలు ఏడుస్తోంది. "పిల్లకి వస్తుందేమోనని అత్తయ్యా... ఒక్కసారైనా అడిగుండాల్సింది నేను."

"ఇప్పుడడుగు, ఎదురుగానే ఉందిగా" అంది పెద్దమ్మ. నర్సమ్మ పిల్ల ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదని చూసి, ఇంట్లో అందరినీ పరీక్షించే రోజు చెప్పి, "పిల్లని నాయనమ్మకి ఇవ్వండి, ఏం కాదు" అంది.

గంట తర్వాత తల్లీకొడుకులు పెద్దాస్పత్రి చీటీల కిటికీ ముందు నిలబడ్డారు. వెనక చాంతాడంత వరస.

"ఏం సమస్య?" లోపలున్నతను తలెత్తకుండానే అడిగాడు.

ఆమె నోరు తెరవలేదు. కావాలనే తెరవలేదు. కొడుకు ఒకసారి వెనక్కి చూశాడు.

"కుష్టు" అన్నాడు. మళ్లీ గట్టిగా చెప్పాడు. "మా అమ్మకి కుష్టు. మందు వాడుతోంది. ఇప్పుడు నరం వాచింది, తొందరగా చూడాలి."

వెనకున్న మనిషి రెండడుగులు జరిగాడు. కొడుకు అతని వైపు తిరిగాడు. "జరగక్కర్లేదండీ, అంటదు. జరిగారంటే మాత్రం మీ వరస పోతుంది."

పెద్దమ్మకి నవ్వొచ్చింది. రెండు నెలల తర్వాత వచ్చిన మొదటి నవ్వు.

లోపల డాక్టరమ్మ కొత్త మందు రాసి, పాతవి ఇవాళ్టి నుంచే మళ్లీ మొదలుపెట్టమంది. తర్వాత పెద్దమ్మ ఎడమచెయ్యి బల్ల మీద పెట్టించి, చిటికెన వేలికి తన వేలు ఆనించింది. "నన్ను పక్కకి తొయ్యండి."

పెద్దమ్మ తోసింది. వేలు కదల్లేదు. మళ్లీ తోసింది. నుదుట చెమట పట్టింది, వేలు మాత్రం ఎవరిదోలా పడి ఉంది.

కొడుకు ఇక ఆగలేకపోయాడు. "నేనేనమ్మా మాత్రలు ఆపించింది. అయిదు రోజులు..." అంటూ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఆపమని నేర్పింది నేను. తప్పు చెరిసగం. ఏడుపు తర్వాత, ముందు ఆ చీటీ చదివి ఏది ఎప్పుడు వెయ్యాలో అడుగు" అంది ఆమె, కళ్లు వేలి మీంచి తిప్పకుండా. పళ్లు బిగించి మరోసారి తోసింది.

వేలు వెంట్రుకవాసి కదిలింది.

"చాలు, ఇవాళ్టికి చాలు" అంది డాక్టరమ్మ.

"చాలదు" అంది పెద్దమ్మ. "పెట్టండి మీ వేలు. మళ్లీ తోస్తాను."