నాలుగు మెట్ల గొంతు

తొమ్మిదిన్నర గంట కొట్టగానే అటెండరు చెంగల్రాయుడు బీరువా గదిలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు. దాన్ని గది అనడం మర్యాద కోసమే. పాత గ్లోబులు, చెయ్యి ఊడిన అస్థిపంజరం, చిరిగిన పటాలు పోగా మిగిలిన చోటులో ఒక మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చోవచ్చు. గోడకు అరచేతి వెడల్పు కన్నం ఉంది. దాని అవతల చీనా తరగతి.

చెంగల్రాయుడు కన్నానికి నోరు ఆనించి చీనా భాషలో, "పిల్లలూ, శుభోదయం. పుస్తకాలు తియ్యండి" అన్నాడు.

తరగతిలో నల్లబల్ల ముందు నిలబడ్డ సుగుణాకర్ అయివారు సరిగ్గా అదే సమయానికి పెదవులు కదిపాడు. అయిదు నెలల అభ్యాసం. సినిమాల్లో వేషానికి పోయినా నిలదొక్కుకునేవాడు.

"శుభోదయం అయివారూ" అన్నారు అరవై నలుగురు పిల్లలు. అరవై నాలుగు గొంతులూ ఒకే చోట లేచి ఒకే చోట దిగాయి. వాళ్ళ మెడల మీద రాగపట్టీలు పచ్చగా వెలిగాయి.

పులికాటు సరస్సు ఒడ్డున చైనావాళ్ళ బ్యాటరీ నగరం వెలిసి ముప్పై ఏళ్ళు దాటింది. రహస్యాలు బయటికి పోతాయని దాని గేటు లోపలికి అనువాద యంత్రాలను రానివ్వరు. సొంత గొంతుతో చీనా మాట్లాడేవాడికే ఉద్యోగం. అందుకని ఆ చుట్టుపక్కల ప్రతి బడిలోనూ చీనా భాష వచ్చింది, దాని వెనకే రాగపట్టీ వచ్చింది. మొదట యంత్రం గొంతుతో నేర్పి చూశారు. పిల్లలు లిఫ్టు మాట్లాడినట్టు మాట్లాడారు. అప్పుడు బతికున్న మనిషి గొంతే కావాలని తేల్చారు. బడికొక అయివారిని శిక్షణ కేంద్రంలో శ్రుతిపీఠం మీద కూర్చోబెడితే, ఒక్క పూటలో భాషంతా అతనిలోకి దిగుతుంది. అతను మూలకంఠం అవుతాడు. పిల్లల పట్టీలు ముప్పై గజాల లోపల ఉన్న మూలకంఠాన్ని పట్టుకుని, వాళ్ళ గొంతుల్ని అదే దారిలో నడిపిస్తాయి.

ముంతదిబ్బ హైస్కూలుకు మూలకంఠం కావలసినవాడు సుగుణాకర్ అయివారు. కానీ శిక్షణ రోజునే ఆయన బావమరిది గృహప్రవేశం వచ్చి పడింది. ఒకరి బదులు ఒకరు సంతకం పెట్టి శిక్షణ గట్టెక్కించడం అయివార్లకు తరతరాలుగా వస్తున్న విద్య.

"రాయుడూ, ఒక్క పూట నా కుర్చీలో కూర్చుని రారా. పులిహోర పెడతారు" అన్నాడు ఆయన.

"వడ గూడా ఉంటాదా అయివారూ?"

"ఉంటుంది."

"అయితే రెండు పూటలు కూర్చుంటా."

ఏడో తరగతి తప్పి బడి మానేసి, అదే బడిలో గంట కొట్టే ఉద్యోగం సంపాదించిన చెంగల్రాయుడు అలా శ్రుతిపీఠం ఎక్కాడు. పీఠం పేరు అడగలేదు, చదువు అడగలేదు. నెత్తిమీద టోపీ దించింది, మెడకు పట్టీ బిగించింది. కళ్ళు తెరిచాక, వడ ఇంకా రాలేదేమని పక్కవాణ్ణి అడిగి, తను అడిగింది ఏ భాషలోనో విని చెంగల్రాయుడు తనే బిత్తరపోయాడు.

మొదటి వారం భలే తమాషాగా గడిచింది. తర్వాత అసలు సంగతి తెలిసింది.

చీనా భాషలో ప్రతి మాటకూ దాని రాగం దానికి మేకు కొట్టి ఉంటుంది. నాలుగు మెట్లు, ఏ మాట ఏ మెట్టు మీద ఉండాలో అక్కడే ఉండాలి. తెలుగులో రాగం మాటకు కట్టేసి ఉండదు, మనిషి చేతిలో ఉంటుంది. "ఎంత మంచోడివిరా" అనే మాటను సాగదీసి పొడవచ్చు, నొక్కి ముద్దాడవచ్చు. చెంగల్రాయుడి బతుకంతా ఆ సాగదీతలోనే ఉంది. గొంతు జారనివ్వకుండా కాపలా కాసే పట్టీకి అది తెలియదు. అతను తెలుగు మాట్లాడినా సరే, ఎగుడుదిగుడు ఎక్కడ కనబడితే అక్కడ చదును చేసేసింది. చైనావాళ్ళు ఎగతాళి చేసుకోరా అంటే బ్రహ్మాండంగా చేసుకుంటారు. అది ఎలాగన్నది మాత్రం శిక్షణలో పాఠ్యాంశం కాదు.

చేపలమ్మే పోలమ్మను, "ఈ కొరమీను నీతోపాటే పుట్టిందామ్మే?" అన్నాడు ఒకరోజు. పాత రోజుల్లో అయితే ఆమె చేపల నీళ్ళు చల్లి తరిమేది, వీధి వీధంతా నవ్వేది. ఈసారి గంప ఎత్తుకుని నోరెత్తకుండా పోయింది. నాలుగు రోజులు ఆ వీధికి రాలేదు. హెడ్మాస్టరమ్మతో "తమరు ఈ చీరలో పదోక్లాసు పిల్ల మాదిరి ఉండారు" అంటే మెమో ఇచ్చింది. అయిదు నెలల్లో అతని మాటకు ఒక్క మనిషి నవ్వలేదు.

పిల్లలూ అంతే. "పోరా పందీ" అని ఒకడంటే రెండోవాడు నిజంగా ఏడ్చేవాడు. కొన్నాళ్ళకు అనడమే మానేశారు. విరామం వేళ ఆట స్థలం బ్యాంకు క్యూలాగా ఉండేది. తనిఖీకి వచ్చిన అధికారి చూసి, "పిల్లల్లో క్రమశిక్షణ మెరుగైంది" అని రిజిస్టర్లో రాసిపోయాడు.

ఆ రోజు తరగతి అయ్యాక చెంగల్రాయుడు గడియ తీసుకుని బయటికొచ్చి మెడ చూపించాడు.

"ఇది ఊడదీయించండి అయివారూ. ఊపిరాడటం లేదు నాకు."

"ఎలా తీయిస్తాన్రా? తాళం శిక్షణ కేంద్రంలో ఉంది. అక్కడికి పోతే నీ మెడకు నా పట్టీ ఎందుకుందని అడుగుతారు. నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది."

"మీరు ఇంకో తూరి కూర్చోకూడదా?"

"బడికొకటే మూలకంఠం. ఓపిక పట్టు. శనివారం జిల్లా వాక్పోటీ. సాయంత్రం ఆరింటికి ఫలితాలు చెప్పగానే ఓడిన బడుల పట్టీలన్నీ వాటంతట అవే ఊడతాయి."

"గెలిస్తే?"

అయివారు అటూ ఇటూ చూశాడు. "గెలిచిన బడికి రాష్ట్ర పోటీ దాకా ఉంటాయి. అంటే ఇంకో ఏడాది. మనం ఎక్కడ గెలుస్తాంలే."

గెలిస్తే ఎవరు గెలుస్తారో ఇద్దరికీ తెలుసు. చెంగల్రాయుడి అక్క అలివేలు కూతురు వేదవల్లి. పదమూడేళ్ళది, ఎనిమిదో తరగతి. పట్టీ రాకముందు మామా మేనకోడళ్ళు బడి నుంచి ఇంటిదాకా ఒకరి పరువు ఒకరు తీసుకుంటూ నడిచేవాళ్ళు. ఆమె నాలుక ముందు మామ నాలుక కూడా చాలేది కాదు. ఇప్పుడు పక్కపక్కనే పెట్టిన రెండు స్తంభాల్లాగా నడుస్తున్నారు.

"గెలవాలనుందా అమ్మే?" అని దారిలో అడిగాడు.

"గెలిస్తే బ్యాటరీ నగరం గురుకులంలో సీటు ఇస్తారు మామా. అక్కడే ఉండి చదవాల. కానీ అమ్మను వదిలి ఉండలేను. అందుకని రెండో బహుమతి వస్తే చాలు."

చెంగల్రాయుడి గుండె తేలికపడింది. శనివారం ఆరు గంటలకు మెడ మీద పట్టీ ఊడగానే ఈ పిల్లను మొట్టమొదట ఏమని ఏడిపించాలా అని ఇంటిదాకా ఆలోచించాడు.

శనివారం బడి బస్సు జిల్లా కేంద్రానికి బయల్దేరింది. అలివేలు టిఫిన్ క్యారేజీతో ముందు సీట్లో కూర్చుంది. వెనక వేదవల్లి, ఆమె పక్కన మంచినీళ్ళ క్యాన్లు పట్టుకుని చెంగల్రాయుడు. పిల్ల భయంతో నోట్లో నోట్లో ఏదో గొణుక్కుంటోంది. ఆమెకు భయమేసినప్పుడల్లా మామ చేసే వైద్యం ఒకటే. పట్టీ సంగతి మరిచిపోయి ఆ వైద్యమే మొదలుపెట్టాడు.

"నీకెందుకే భయం? నువ్వు మా పిల్లవైతే కదా మా పరువు పోయేది. కొంగల దిబ్బ మీద చేపల బుట్టలో దొరికితే తెచ్చి పెంచుకున్నాం నిన్ను."

ఏ ఇంట్లో ఏ మామ అనని మాట అది? పట్టీ మాత్రం దాన్ని ఇస్త్రీ చేసి, బస్సు వేళలు చెప్పినట్టు చెప్పించింది.

వేదవల్లి గొణగడం ఆపింది. "నిజమా మామా?"

"కాదమ్మే. తమాషాకి అన్నా."

ఈ మాట కూడా సరిగ్గా అదే గొంతులో వచ్చింది.

"రెండిట్లో ఏది తమాషా?"

"మొదటిది. దేవుడి తోడు."

"అందుకేనా అమ్మ పోలిక నాకు రాలేదంటారు అందరూ?"

"మీ నాయన పోలిక వచ్చింది. పోయి మీ అమ్మనడుగు, అదిగో ముందర్నే ఉండాది."

"అడిగితే కాదనే అంటుంది. పెంచినోళ్ళు ఎవురైనా అవునని చెప్తారా?" అని ఆమె కిటికీ వైపు తిరిగింది. అయిదు నెలలుగా ఎవరూ తమాషా చెయ్యని బడిలో చదువుతున్న పిల్ల ఆమె. విన్నది నమ్మడం తప్ప ఆమెకు ఇంకో అలవాటు మిగలలేదు.

బస్సు ఆగింది. పోటీదారులను వరసలో నిలబెట్టి తీసుకుపోయారు. అక్కడినుంచి తెలుగు మాట నిషేధం. చెంగల్రాయుడు వరస పక్కనే పరుగెత్తి, "అమ్మే, నా మాట విను" అన్నాడు. వాలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

సుగుణాకర్ అయివారు అతన్ని వేదిక తెర వెనక, నీళ్ళ క్యాన్ల మధ్య కూర్చోబెట్టాడు. ముప్పై గజాల లోపల మూలకంఠం ఉండాలి కదా. తెర సందులోంచి ముగ్గురు న్యాయనిర్ణేతలు, వాళ్ళ మధ్య బల్ల మీద స్వరమాపకం, మూడో వరసలో అలివేలు కనిపిస్తున్నారు. అప్పటికప్పుడు చీటీ తీసి దాని మీద మాట్లాడాలి. వేదవల్లి తీసిన చీటీలో 'నా కుటుంబం' అని వచ్చింది.

ఆమె చీనా భాషలో మొదలుపెట్టింది.

"నాకు ఒక అమ్మ ఉంది. ఆమె నన్ను కనలేదని ఈరోజు ఉదయం తెలిసింది. నేను పక్షుల దిబ్బ మీద ఒక బుట్టలో దొరికానట. మా అమ్మ నాకు చేపలో ముళ్ళు తీసి పెడుతుంది. కన్న పిల్ల కాకపోయినా పదమూడేళ్ళు ముళ్ళు తీసి పెట్టాలంటే ఎంత ఓపిక కావాలి? ఇంతకాలం నేను అది నా హక్కు అనుకుని, ముల్లు తగిలితే కోప్పడ్డాను. ఈరోజు గెలవకూడదనుకుని వచ్చాను. ఇప్పుడు గెలవాలనుకుంటున్నాను. గెలిస్తే గురుకులానికి వెళ్ళిపోతాను. ఆమె కష్టం తగ్గుతుంది."

ఎక్కడా గొంతు వణకలేదు. వణకనివ్వడం పట్టీకి తెలియదు. న్యాయనిర్ణేత లిన్ మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. స్వరమాపకం నూటికి నూరు చూపించింది.

చెంగల్రాయుడు క్యాను మీద నుంచి లేచాడు. "అబద్ధం" అన్నాడు.

"ఏంటండీ?" అన్నాడు పక్కనున్న వాలంటీరు.

"ఆ పిల్ల చెప్పేది అబద్ధం. నేనే చెప్పినా ఆ అబద్ధం."

చీనా ముక్క రాని వాలంటీరు అతని మొహం చూశాడు. రైలు ఎన్నింటికో చెప్పినట్టుంది ఆ గొంతు. "ఉపన్యాసమే కదండీ, ఏదో ఒకటి చెప్తారు. ఆ క్యాన్ ఇటు జరపండి" అన్నాడు.

హాలంతా చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొడుతున్నది అలివేలు. ఒక్క మాట అర్థం కాకపోయినా కూతురు తడబడకుండా మాట్లాడిందని ఆమె మొహం వెలిగిపోతోంది.

ఆరింటికి ఫలితాలు చెప్పారు. హాల్లో అక్కడక్కడా టిక్కు టిక్కుమని పట్టీలు ఊడుతున్నాయి. ఓడిన బడుల పిల్లలు ఒక్కసారిగా అరుచుకుంటూ, ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కుంటూ, వంకర మాటలు అనుకుంటూ బయటికి పరుగెత్తారు. చెంగల్రాయుడి పట్టీ టిక్కుమనలేదు. కొంచెం బిగిసి, మూడువందల అరవై అయిదు రోజుల పొడిగింపు అని చీనా భాషలో మెత్తగా చెప్పింది.

సుగుణాకర్ అయివారు బహుమతి గ్రహీతల గురువుగా ఫోటో దిగుతున్నాడు. చెంగల్రాయుడు ఆయన్ని దాటుకుని వరండాలోకి వచ్చాడు. అక్కడ మెట్ల మీద అలివేలు క్యారేజీ విప్పి కూర్చుంది. గెలుచుకున్న కప్పు చేత్తో పట్టుకుని వేదవల్లి ఆమెకు ఎదురుగా, ఒక మనిషి పట్టేంత దూరంలో నిలబడి ఉంది.

"తినమ్మే. పొద్దున్నించి ఏమీ తినలా" అని అలివేలు ముద్ద కలిపి చెయ్యి చాచింది.

వేదవల్లి ఆ ముద్ద అందుకోలేదు. "ముందు మీరు తినండి. మీకు చాలా శ్రమ ఇచ్చినాను" అంది.

అలివేలు నోరు తెరిచింది. తర్వాత ముద్ద క్యారేజీలో పడేసి పడీపడీ నవ్వింది. "నన్ను మీరంటరోయ్! విన్నావంట్రా రాయుడూ? కప్పు చేతికొచ్చిందో లేదో నన్నే ఆట పట్టిస్తా ఉండాది. అచ్చం నీ పోలికే!"

వేదవల్లి నవ్వలేదు. మామ వైపు చూసింది, ఆ పోలిక మాట ఏ లెక్కలో వేసుకోవాలో తెలియనట్టు.

"అక్కా" అన్నాడు చెంగల్రాయుడు. "అది ఆట కాదు. దాన్ని నువ్వు కనలేదని నమ్మింది. బుట్టలో దొరికిందని నేను చెప్పినా."

ప్రతి మాటా దాని మెట్టు మీద అది నిలబడింది. అలివేలు అతని మొహం చూసింది. బిగుసుకుపోయిన ఆ మొహమూ, ఆ బుట్టా, ఆ బల్లపరుపు గొంతూ. ఆమెకు నవ్వు ఇంకా ఎక్కువైంది. అయిదు నెలల తర్వాత తమ్ముడు మళ్ళీ తమాషా చేశాడని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, మెట్టుకు ఆనుకుని, ఊపిరాడక నవ్వుతూనే ఉంది.