మద్దిలేటి బీమా రద్దు

అమృతమ్మ గద్వాలకు వచ్చింది డబ్బు కోసం కాదు. ఆ సంగతి గడప దాటకముందే చెప్పేసింది.

"పైసలు రాకుంటె రాకపాయె సాబ్. నా పెనిమిటి నన్ను మోసం చేసిండా లేదా, అదొక్కటి తేల్చి చెప్పు."

ఆమె సాబ్ అన్నది దశరథాన్ని. ఆయన ఒకప్పుడు నిజాం సర్కారు పోలీసుల్లో అమీను, అంటే ఠాణా అధికారి. పైవాడితో పడక కొలువుకు దండం పెట్టి, కోట వెనక వీధిలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించాడు. ఆ మాట ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు, అందరికీ ఇప్పటికీ అమీన్ సాబే. ఆయన సహాయకుడు యేసయ్య మిషన్ బడిలో చదివినవాడు. తన సాబు పప్పులో కాలేయడం అన్నది ఈ జన్మలో జరగదని అతడి నమ్మకం.

అమృతమ్మది గోపాల్‌పేట. పోయిన నెల మోట తాడు తెగి, ఆమె భర్త మద్దిలేటి బావిలో పడి చనిపోయాడు. పక్కింటి రైతు బండి కింద పడి పోతే వాడి పిల్లలు కూలికి పోవడం చూసి, మద్దిలేటి ముందుచూపుతో ఒక బొంబాయి కంపెనీలో జీవిత బీమా కట్టాడు. దినాలయ్యాక అమృతమ్మ వనపర్తికి పోయి బీమా ఏజెంటు సాయన్నను అడిగితే, వానాకాలంలోనే నీ మొగుడు దాన్ని రద్దు చేసుకున్నాడు గదా అన్నాడట. రద్దు రుసుము కంపెనీ పట్టుకోగా మిగిలింది మద్దిలేటి తీసుకుపోయాడట. ఇంట్లోకి మాత్రం ఒక్క పైసా రాలేదు. అతడు పల్లికాయ బండితో రాయచూరు పోతుండేవాడు కాబట్టి, అక్కడెవరినో ఉంచుకున్నాడని ఊరు ఊరంతా కోడై కూసింది. మరిది బాలన్న కూడా అదే మాట నమ్మాడు.

"సచ్చినోన్ని అడుగనీకె లేదు. నాకైతె నిద్ర పడ్తలేదు సాబ్" అంది అమృతమ్మ. ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటేనే నయమనిపించింది యేసయ్యకు.

మర్నాడు ముగ్గురూ రైల్లో వనపర్తి రోడ్డుకు, అక్కణ్ణుంచి బస్సులో వనపర్తికి చేరారు. సాయన్న దుకాణం బజారు మొగదల. మనిషి మాట తేనె. అడగ్గానే రద్దు దరఖాస్తు రెండో ప్రతి తీసి ముందు పెట్టాడు. అడుగున నల్లటి వేలిముద్ర, దాని కింద "నా కండ్ల ముందర వేసినాడు" అని సాయన్న సంతకం.

దశరథం ఆ ముద్రను అమృతమ్మకు చూపించాడు. ముద్రకు అడ్డంగా సన్నటి గీత. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇది ఆయనదే. కుడి బొటనేలు మోట తాడుకు కోసుకపోయింది. ఆ గాటే ఇది."

ముద్ర నిజమైందే అయితే ఇంకేముంది, మద్దిలేటి పరువు బావిలో కలిసినట్టే అనుకున్నాడు యేసయ్య. దశరథం మాత్రం ఏమీ ఎరగనట్టు, ముద్ర ఎట్లా తీసుకుంటావో జర చూపించమని సాయన్నను అడిగాడు. సాయన్న అలవాటు కొద్దీ యేసయ్య ఎడమచెయ్యి లాగి, బొటనవేలిని ఊదారంగు సిరామెత్త మీద అద్ది కాగితానికి నొక్కాడు. ఆ రంగు పోక యేసయ్య రోజంతా వేలు రుద్దుకుంటూనే ఉన్నాడు.

గోపాల్‌పేటలో ఇల్లు చిన్నదే. మద్దిలేటి తల్లి జములమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ముసలామె బరువైనదేదో కాళ్ళకున్నట్టు పాదాలు ఎడంగా వేసి నడుస్తోంది. కాళ్ళకు ఏమీ లేవు. చీలమండల చుట్టూ మాత్రం ఎండ తగలని తెల్లటి చార. బీమా కాగితం ఎక్కడ దాచారని దశరథం అడిగితే, పశువుల కొట్టంలో అని చెప్పింది అమృతమ్మ. అత్త దాన్ని ఇంట్లో పెట్టనివ్వలేదట. దాని పేరు కూడా ఎత్తదట, అదీ ఇదీ అంటుందట. రద్దు జరిగిన శ్రావణంలో నువ్వెక్కడున్నావంటే, కాన్పుకు బిజినేపల్లిలో తల్లిగారింట ఉన్నానంది. ఆ రోజుల్లోనే మద్దిలేటికి చలిజ్వరం వచ్చింది. పది అడుగులు వేసే ఓపిక లేదు, ఒళ్ళు తెలీకుండా పడి ఉంటే తల్లే కనిపెట్టుకుని ఉందని బాలన్న చెప్పాడు.

దశరథం సాయన్నకు కబురు పెట్టమన్నాడు.

సాయంత్రం వాకిట్లో అందరూ కూర్చున్నారు. ఇట్లాంటప్పుడు దశరథం గొంతులోకి ఒక హుషారు వస్తుంది. యేసయ్యకు ఆ గొంతంటే ప్రాణం.

"వేలిముద్ర మద్దిలేటిదే. వేసింది మాత్రం మద్దిలేటి కాదు" అన్నాడు దశరథం. "ఏటేటా శిస్తు రసీదుకు తహశీలుకు పొయ్యే రైతు, ముద్ర అంటె అడగకముందే ఎడమ చెయ్యి చాపుతడు. సాయన్న గూడ ఎడమదే పడ్తడు, పొద్దున చూసినం. ఈ కాగితం మీదున్నది కుడి వేలు. రంగు గూడ ఊదా సిరా కాదు, ఇంట్ల పట్టిన కాటుక. కచేరి మెట్లెక్కని మనిషి, మంచి పనికి ఎడమ చెయ్యి పనికిరాదనుకునే మనిషి, కాగితం ఇంటికి తెచ్చి, జ్వరంల ఒళ్ళు తెల్వకుండ పడున్న మద్దిలేటి వేలు పట్టి పెట్టిచ్చింది. ఆ నెల ఆయన పక్కన ఉన్నది ఒక్కరే."

జములమ్మ తల ఎత్తలేదు. బాలన్న లేవబోతే దశరథం చేత్తో ఆపాడు.

"సాయన్నా, నీ కండ్ల ముందర వేసిండని రాసినవు. మంచం దిగలేనోడు వనపర్తికి ఎట్లొచ్చిండు? రద్దు రుసుము కంపెనీ తనంతట తానే పట్టుకుంటది. నువ్వు మళ్ళ రుసుమని చెప్పి ముసలామె కాళ్ళ కడియాలు ఒలిపిచ్చుకున్నవు. మిగిలిన సొమ్ము ఆమె ముట్టనంటె అది గూడ నువ్వే మింగి, సచ్చినోడు తీసుకపోయిండని చెప్పి రాయచూరు కథ పుట్టిచ్చినవు."

తప్పయింది సాబ్, కడియాలు ఇంట్లోనే ఉన్నాయి అని గొణిగాడు సాయన్న.

అమృతమ్మ అత్తకేసి చూసింది. "ఎందుకు చేసినవత్తా?"

"సచ్చినంక ఇంత ఇస్తమని ముందే రాసిపెట్టుకుంటె సావు ఎదురుచూడదా బిడ్డా?" జములమ్మ గొంతు సన్నగా ఉంది. "వాడు చెప్తె ఇనలే. జొరం రాంగనె నాకు పానం ఆగలే. ఎంతయిన గానీ, కడియాలు పోతె పోనీ, వాని పేరు అండ్లకెల్లి కొట్టెయ్యాలనుకున్న. జొరం తగ్గింది. బతికిచ్చుకున్న అనుకున్న."

యేసయ్య కళ్ళు తుడుచుకున్నాడు. అమృతమ్మ అప్పుడు ఏడ్చింది. భర్త మోసం చెయ్యలేదు. అన్ని దినాలూ గుండెలో బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

దశరథం అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. లెక్క మొత్తం తేల్చకుండా వదలడం ఆయనకు చేతకాదు.

"ఇంకో సంగతి. బీమాదారుడు ఏజెంటు ముందర ముద్ర వెయ్యకుంటె రద్దు చెల్లదు, కంపెనీ రూలు అది. అంటె ఈ బీమా ఏనాడు రద్దు కాలేదు. అమృతమ్మకు పూర్తి సొమ్ము వస్తది."

బాలన్న హమ్మయ్య అన్నాడు. యేసయ్య గర్వంగా అందరి ముఖాలూ చూశాడు. జములమ్మ ముఖం దగ్గర అతడి చూపు ఆగిపోయింది.

"రద్దు కాలేదా అయ్యా?" అంది ఆమె. "వాడు బాయిల పడ్డ నాడు గూడ అది ఉన్నదా?"

కొట్టంలో ఎద్దు మెడగంట వినిపించింది.

"గందుకేనా పోయిండు నా కొడుకు?"

దశరథం అమృతమ్మ వైపు చూశాడు. ఆమె కన్నీళ్ళతోనే, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. దశరథం లేచి ముసలామె ముందు నేల మీద కూర్చున్నాడు.

"నేనే తప్పు చెప్పిన అవ్వా. నా లెక్క తప్పింది. అది రద్దయింది. నువ్వు వేలు పెట్టిచ్చిన నాడే రద్దయింది. దానికి, నీ కొడుక్కు ఏ సంబంధం లేదు. తాడు పాతది, తెగింది. గంతే."

"మరి పిల్లకు పైసలు?"

"అది సాయన్న మీద జుర్మానా. తప్పు చేసిండు, కడ్తడు."

సాయన్న వెంటనే అవునన్నాడు. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం వాణ్ణి మెచ్చుకోవచ్చు. తన సాబు నోట తప్పు అన్న మాట యేసయ్య అంతకుముందు ఎన్నడూ వినలేదు.

తిరుగు రైల్లో దశరథం కిటికీ వైపే కూర్చున్నాడు. కేసు బాగా తేలింది సాబ్ అన్నాడు యేసయ్య, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కోడలికి మొగుణ్ణి తిరిగిచ్చిన. ఆ ముసలిదాని దగ్గర మాత్రం ఉన్న ఒక్క ధైర్యం గుంజుకున్న" అన్నాడు దశరథం. "చెవిల చెప్పాల్సిన మాట వాకిట్ల చెప్పిన యేసయ్యా. నా తెలివి చూపెట్టుకోనీకె."

కంపెనీ సొమ్ము పంట కోతలప్పుడు వచ్చింది. కడియాలు కూడా తిరిగొచ్చాయి, జములమ్మ మాత్రం వాటిని తొడుక్కోలేదు. ఆ తర్వాత ఒకసారి అమృతమ్మ గద్వాలకు వచ్చినప్పుడు అత్త సంగతి అడిగాడు యేసయ్య. బాగానే ఉందట, పసిపిల్లను ఆడిస్తోందట. పొద్దున లేస్తూనే మాత్రం, నిజంగా రద్దయిందా బిడ్డా అని అడుగుతుందట.

"అయిందత్తా అంట" అని చెప్పింది అమృతమ్మ. "రేపు గూడ అడుగుతది. రేపు గూడ గదే చెప్త."