పేరు చెప్పని కేసు

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అనేవాళ్లకేం, ఏమైనా అంటారు. శనివారం ఆపరేషన్లన్నీ వాయిదా వేయించి, ఒక కంటి సర్జన్ని తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టి, "డాక్టర్‌గారూ, ఇప్పుడు గాలి పీల్చండి" అంటే వాళ్లకి మాత్రం రాదా కోపం?

మా హాస్పిటల్ డైరెక్టర్‌గారికి పుట్టిన ఆలోచన అది. డాక్టర్లూ, నర్సులూ, ఫిజియోథెరపిస్టులూ అందరూ యోగా థెరపీ నేర్చుకోవాలట. మందులతో పాటు పేషెంట్లకి అదీ చెప్పాలట. మూడో అంతస్తు కాన్ఫరెన్స్ హాల్లో కుర్చీలు గోడకి నెట్టి చాపలు పరిచారు. నేను ఆలస్యంగా వెళ్లాను, కావాలనే. కిటికీ పక్కన ఒక్క చాప మిగిలింది. దాని మీద ఒక హ్యాండ్‌బ్యాగ్ ఉంది. తీసి పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఆ బ్యాగ్‌కి నడుం నొప్పండీ. కాసేపు పడుకోనివ్వండి," అంది పక్క చాప మీదావిడ, కళ్లు తెరవకుండానే.

"చాపలు మనుషుల కోసం వేశారనుకుంటా."

"మనుషులు టైముకి వస్తారు."

కళ్లు మూసుకుని నాకు సమాధానం చెప్పడం నాకు నచ్చలేదు. తెరిచాక ఇంకా నచ్చలేదు, ఎందుకంటే ఆ కళ్లు బాగున్నాయి. పొద్దస్తమానం కళ్లు చూసే వాణ్ని, నాకా మాత్రం తెలీదా? ఆమె కొత్తగా చేరిన నరాల డాక్టర్ అని పక్కవాళ్లు చెప్పారు. ఎవరైతే నాకేంటి అనుకున్నాను.

ట్రైనర్ మేడమ్ ఒకప్పుడు పిల్లల డాక్టర్. ఆవిడ గొంతు వింటే ఇప్పటికీ ఇంజెక్షన్ భయం వేస్తుంది. "జంటలుగా కూర్చోండి. ఒకరు పేషెంట్, ఒకరు థెరపిస్ట్. పేషెంట్ తన అసలు బాధ చెప్పాలి. పుస్తకాల్లో జబ్బులు చెప్తే ఒప్పుకోను," అంది.

చెప్పి లాభం లేదు. గుండె డాక్టర్ లోకంలో ఎవరికీ రాని జబ్బొకటి తనకి వచ్చిందని రిపోర్టులతో సహా వర్ణించడం మొదలుపెట్టాడు. చర్మం డాక్టర్ పేషెంట్‌గా కూర్చుని, ఎదుటివాడికే క్రీమ్ రాసిచ్చింది.

నాకు జంటగా దొరికింది ఎవరో చెప్పక్కర్లేదు.

"చెప్పండి, ఏంటి మీ బాధ?"

"ఇక్కడికి రావడమే నా బాధ."

"ఎప్పట్నుంచి?"

"మిమ్మల్ని చూసినప్పట్నుంచి."

"అయితే ఇంకా మొదటి దశలోనే ఉంది. తగ్గుతుంది లెండి. చేతులు పైకెత్తి ఊపిరి తీసుకోండి."

ఎత్తాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కుడి చెయ్యి లేపుతూ నేను మెడ ఎడమకి వంచుతున్నానట. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగింది. వచ్చేసింది. మళ్లీ పెట్టింది. మళ్లీ వచ్చేసింది.

అప్పుడు ఆమె చేసిన పని నాకు బాగా గుర్తుంది. హాలుకి వీపు తిప్పి, నా చెయ్యి ఎవరికీ కనిపించకుండా అడ్డంగా కూర్చుంది. "ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది.

ఎవరికీ చెప్పలేదు. మైక్రోస్కోప్ మీద ఏళ్లతరబడి మెడ వంచి పని చేసిన ఫలితం. రెండు నెలలుగా ఆ రెండు వేళ్లూ మొద్దుబారుతున్నాయి. కష్టమైన ఆపరేషన్లు ఏదో వంకన జూనియర్‌కి ఇచ్చేస్తున్నాను. ఈ చెయ్యి పనికిరాదని తేలితే ఇక నేనెవర్నో నాకే తెలీదు. ఇదంతా ఆ చాప మీద, పరిచయమై గంట కూడా కాని మనిషికి చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకునే అంతా వింది. పేషెంట్లు డాక్టర్ల దగ్గర ఎందుకు ఏడుస్తారో అప్పుడు తెలిసింది.

మర్నాడు, ఆదివారమని కూడా చూడకుండా, కేసు ప్రెజెంటేషన్. డైరెక్టర్‌గారు ముందు వరసలో కూర్చున్నారు. నరాల డాక్టర్ లేచి మొదలుపెట్టింది.

"పేషెంట్ ముప్పై మూడేళ్ల పురుషుడు. వృత్తి కంటి సర్జన్. రెండు నెలలుగా కుడి బొటనవేలు, చూపుడువేలు..."

హాల్లో ఉన్న తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. ఆమె తెర వైపు చూస్తూ పట్టు ఎంత తగ్గిందో కూడా చెప్పేసింది. ఎవరూ తనవైపు చూడటం లేదని అర్థమయ్యాక ఇటు తిరిగి, నన్ను చూసి, ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

డైరెక్టర్‌గారు ఒక్కటే అడిగారు. "ఆఖరి ఆపరేషన్ ఎప్పుడు చేశావ్?"

"మొన్న, సార్."

"నేను చెప్పేదాకా ఇక ముట్టుకోకు."

వరండాలో ఆమె నా వెనకే పరిగెత్తుకొచ్చింది. "పేరు చెప్పలేదు కదా అనుకున్నాను..."

"పేరు చెప్పలేదా! హాల్లో కంటి సర్జన్లం ఇద్దరం. రెండో సర్జన్ ఆడమనిషి. ఆవిడని చూసి ఎవరైనా పురుషుడనుకుంటారా?"

"తప్పే. కేసు అనగానే పేరు తీసేసి వయసు, వృత్తి చెప్పడం నోటికి అలవాటైపోయింది. మేమందరం అలాగే..."

"నేను కేసునా? మీ స్లైడు కోసమా నేను చెప్పుకుంది? కడుపులో మాట, అక్కకి కూడా చెప్పని మాట!"

"క్షమించండి."

"క్షమించను."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే అదే. అయితే ఆమెక్కూడా ఎక్కింది.

"సరే, క్షమించకండి. నా కోపం కూడా వినండి. స్పర్శ లేని వేళ్లతో కళ్లు కోస్తున్నారు మీరు. ఆ బల్ల మీద పడుకున్న వాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పారు?"

"కష్టమైనవి నేను చెయ్యడం లేదు."

"కంట్లో తేలికైనదేముందండీ?"

జవాబు లేకపోతే నాకు కోపం రెట్టింపవుతుంది. చరచరా మెట్లు దిగి వెళ్లిపోయాను.

ఇంట్లో అక్క అంతా విని, ఉతికిన బట్టలు మడతపెడుతూనే అడిగింది. "ఆ అమ్మాయి చెప్పింది అబద్ధమా?"

"కాదు. అయినా నలుగురిలో చెప్పేస్తుందా?"

"చెప్పకూడదు, నిజమే. కానీ ఒరేయ్, ఒకే ఇంట్లో తిరుగుతున్నాం. నాకు చెప్పని మాట ఆమెకెలా చెప్పావురా?"

ఆ వారం నాకు జవాబులే కరువయ్యాయి.

స్కాన్‌లో మెడలో డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. మందులు, వ్యాయామం, మూడు నెలలు ఆపరేషన్లు బంద్. ఆ తర్వాత చెయ్యి బాగుంటే సరే, లేకపోతే జీవితాంతం అద్దాలకి చీటీలు రాసుకుంటూ కూర్చోవాలి. ఇది చాలదన్నట్టు ట్రైనర్ మేడమ్ ఇంకో నిబంధన చెప్పింది. ఎవరు మొదలుపెట్టిన కేసు వాళ్లే చివరిదాకా చూడాలి, అప్పుడే ట్రైనింగ్ పూర్తయినట్టు. అంటే రోజూ పొద్దున్నే, ఓపీకి ముందు, అదే హాల్లో, అదే మనిషి.

కాదని వేరేవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లలేదు. కోపం చూపించాలన్నా మనిషి ఎదురుగా ఉండాలి కదా.

"భుజాలు దించండి."

"దించాను."

"చెవుల దగ్గరున్నాయి."

"నా భుజాలు, నా ఇష్టం."

"మెడ కూడా మీదే. అది మాత్రం నా మాట వింటోంది. ఊపిరి వదలండి. కోపంలో మీరు పీల్చుకుని ఊరుకుంటారు, వదలరు."

"వదిలితే మాటలు కూడా వస్తాయి, మీరు వినలేరు."

"వింటాను. వదలండి."

ఇలా సాగింది వ్యవహారం. మెడ కింద పెట్టడానికి ఇంటి నుంచి మెత్తటి తువ్వాలు తెచ్చేది. మెడ వెనక్కి వంచే ఆసనాలన్నీ నాకు వద్దని తీసేసింది. నేను రోజూ పళ్లు నూరుతూ వెళ్లి, పళ్లు నూరుతూ వచ్చేవాణ్ని. ఆదివారం సెలవు. ఆదివారాలు ఇంత పొడుగ్గా ఎందుకుంటాయని ఒకరోజు అక్క ముందు విసుక్కున్నాను. అక్క నావైపు అదోలా చూసి టీవీ సౌండ్ పెంచింది.

ఒకరోజు కుండపోతగా వాన. కిటికీ సందుల్లోంచి నీళ్లు కారి చాపలు తడిశాయి. కరెంటు పోయింది. ఇద్దరం గోడకి ఆనుకుని, గాజు మీద చినుకుల్ని చూస్తూ కూర్చున్నాం. జుట్టు సగం తడిసి ఉంది ఆమెకి. ఆ రోజు తిట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

"నిన్న స్టూడెంట్లకి ఒక కేసు చెప్తున్నాను," అంది ఉన్నట్టుండి. "వయసు చెప్పి ఆగిపోయాను. ఎవరి ఇంటి మాట బయటపెడుతున్నానో అనిపించింది. క్లాసు మధ్యలోనే వచ్చేశాను."

నిజానికి ఆ మాటకి నేను సంతోషించాలి. వీల్లేకపోయింది. ఆమె అలా తల దించుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండింది, ఈసారి నా మీదే.

"రేపట్నుంచి చెప్పండి," అన్నాను. "జాగ్రత్తగా చెప్పండి, అంతే. మీలాంటివాళ్లు చెప్పడం మానేస్తే ఎలా?"

"క్షమించినట్టేనా?"

"లేదు." తడిసిన చాప అంచు పిండుతూ, "ఆ రోజు మీరడిగింది నిజమే. ఆ బల్ల మీద మా అక్క పడుకుని ఉంటే నేను చేసేవాణ్ని కాదు," అన్నాను.

ఆమె నావైపు తిరిగి చూసింది. ఆ చూపుతో నా పని అయిపోయింది. ప్రేమించాను, ఒప్పుకుంటున్నాను. నోరు తెరిచి చెప్పానా అంటే లేదు. తిట్టడానికి తప్ప నా నోరు లేవదు.

మూడు నెలలు గడిచాయి. నా వేళ్లకి స్పర్శ వచ్చింది. మందులా, విశ్రాంతా, ఆసనాలా, ఏది పని చేసిందంటే చెప్పలేను. చొక్కా గుండీ పెట్టుకుంటే దారం తగులుతోంది, అది చాలు నాకు.

ట్రైనింగ్ ముగింపు రోజు హాల్లో మళ్లీ అందరూ చేరారు. డైరెక్టర్‌గారు నన్ను ముందుకు పిలిచి, ఆమె వైపు తిరిగారు. "నీ పేషెంటే కదమ్మా. చెయ్యి పరీక్ష చేసి, ఆపరేషన్లకి పనికొస్తాడని నువ్వే సంతకం పెట్టు."

ఆమె లేచి నిలబడింది. "నేను పెట్టలేను సార్."

నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. "ఎందుకు పెట్టలేరు? రోజూ పట్టు చూసింది మీరు కాదా? నిన్న కాగితం లాగితే చిరిగిందా లేదా? నా చెయ్యి బాగుందని తెలిసి కూడా, నలుగురిలో మళ్లీ నన్ను..."

"వేరే డాక్టర్‌తో పరీక్ష చేయించండి సార్," అంది నా అరుపులు వినిపించనట్టే.

"కారణం?" అన్నారు డైరెక్టర్‌గారు.

"సొంతవాళ్లకి మనం సర్టిఫికెట్ ఇవ్వకూడదు కదా సార్."

"ఇతను నీకేమవుతాడమ్మా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల ఎత్తి నన్నే చూస్తూ, "ఏమీ అవరు సార్. నాకే, ఆయన సొంత మనిషని అనిపిస్తోంది. ఆయన చెయ్యి బాగుండాలని నేను ఎంత కోరుకుంటున్నానంటే, నా పరీక్ష మీద నాకే నమ్మకం లేదు," అంది.

డైరెక్టర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, నన్నడిగారు. "నీకు తెలుసా ఈ సంగతి?"

"ఇప్పుడే తెలిసింది సార్."

"అందరితో పాటేనా!" అంది వెనకనుంచి ట్రైనర్ మేడమ్. హాలంతా నవ్వు. నేనొక్కణ్నే నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే ఇంకో హాస్పిటల్ నుంచి పెద్ద నరాల డాక్టర్ వచ్చాడు. సూదితో గుచ్చాడు, వేళ్లు లాగాడు, మోచేతుల మీద సుత్తితో కొట్టాడు. ఆయనకి నేనేమీ సొంతం కాను, గట్టిగానే కొట్టాడు. చివరికి, "వచ్చే వారం నుంచి చేసుకోవచ్చు," అని సంతకం పెట్టాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కాగితం పట్టుకుని మూడో అంతస్తుకి పరిగెత్తాను.

హాల్లో ఆమె ఒక్కతే ఉంది. చాపలు చుడుతోంది.

"బుద్ధుందా నీకు?" అని అరిచాను. 'మీరు' అనడం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. "నాకు చెప్పాల్సిన మాట హాలంతటికీ చెప్తావా? ముందు నాకు చెప్పాలని తెలీదా?"

"నీకు చెప్తే వద్దంటావేమోనని భయం. క్షమించవు కదా నువ్వు."

"ఎప్పుడో క్షమించాను. చెప్పలేదంతే."

"చెప్పకుండా కూర్చుంటే నాకెలా తెలుస్తుంది?" ఇప్పుడు అరవడం ఆమె వంతు. "నువ్వు చెప్పవు, నేను చెప్తే తప్పు!"

"తప్పే. ఇకమీదట నా గురించి ఏం చెప్పాలన్నా ముందు నాకే చెప్పాలి."

"ఏదైనానా?"

"ఏదైనా."

చేతిలో చాప కింద పడేసింది. దగ్గరికి వచ్చి, మునివేళ్ల మీద లేచి, నా చెవిలో ఒక మాట చెప్పింది.

ఏం చెప్పిందంటారా? మీకెందుకండీ? నాకు చెప్పింది.