బెంచీ మీది మనిషి

ఆ కాలంలో విశాఖపట్నంలో రగ్బీ లీగ్ చూడాలంటే కోడి కూయకముందే లేవాలి. వేసవి ఫిబ్రవరిలో వచ్చి నవంబరు దాకా పోని రోజులవి. సముద్రం మీద బారెడు పొద్దెక్కేలోగా ఆట ముగియాలని చట్టం. అందుకని జనం చీకట్లోనే ఇడ్లీ పొట్లాలు, ఫ్లాస్కుల్లో టీ పట్టుకుని ఋషికొండ స్టేడియానికి బయల్దేరేవారు. స్టేడియం కప్పు మీద పరిచిన మంచువలలు రాత్రంతా సముద్రపు తేమను పట్టి ఉంచి, తెల్లారేసరికి మైదానం మీద సన్నగా చిలకరించేవి. ఆ తుంపర్ల కోసం పిల్లలు నోళ్ళు తెరుచుకుని నిలబడేవారు.

డాక్టర్ బొడ్డేపల్లి ఇందుమతి ఆ తుంపర్లలో ఎన్నడూ తడవలేదు. విశాఖ కెరటాల జట్టు కూర్చునే బెంచీ వెనక ఒక గాజు గది ఉంది. మ్యాచ్ ఉన్నంతసేపూ అందులో ఆమె, ఆమె ఎదురుగా మార్పరి. ఎవరిని ఎప్పుడు మార్చాలో చెప్పే యంత్రం కనుక దానికి ఆమె, ఆమె స్నేహితురాలు చారుశీల కలిసి ఆ పేరు పెట్టారు. యంత్రాన్ని కట్టింది కూడా ఇద్దరూ కలిసే. చారుశీల ఇప్పుడు బెంగళూరులో పెద్ద ప్రయోగశాలకు అధిపతి. ఇద్దరూ మాట్లాడుకుని చాలా కాలమైంది.

మార్పరి అవసరం హుకర్ దగ్గర పుట్టింది. రగ్బీ లీగ్‌లో జట్టుకు పదముగ్గురు ఆడతారు. అందరిలోకీ ఎక్కువ చాకిరీ హుకర్‌ది. బంతితో పరిగెత్తేవాణ్ని ఎదుటివాళ్ళు పడగొట్టగానే, అతను లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనక కాచుకుని ఉన్న హుకర్ వంగి దాన్ని అందుకుని, ఎటు విసరాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. బంతి ఎదుటి జట్టుకు పోతే, నడిమధ్య నిలబడి వచ్చినవాణ్నల్లా పడగొట్టాలి. కబడ్డీలో కూతకెళ్ళినవాడు తిరిగొచ్చాక కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. హుకర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఆ వేడిలో ఒక్కడే ఆట మొత్తం లాగితే ప్రాణానికే ముప్పు. తొందరపడి మారిస్తే జట్టు ఊపు పోతుంది, ఆలస్యం చేస్తే మనిషే పోతాడు. ఆ మధ్య గీత ఎక్కడుందో చెప్పడమే మార్పరి పని.

ఆటగాళ్ళ బనీన్లలో స్పర్శనూలు నేసి ఉంటుంది. ఆ నూలు గుండె లయనూ, కండరాల బిగువునూ, చెమటలోని ఉప్పునూ కనిపెట్టి మార్పరికి పంపుతుంది. ఆడేవాళ్ళవీ, బెంచీ మీద వంతు కోసం చూసేవాళ్ళవీ కూడా. ఏ సంకేతాన్ని ఎంత నమ్మాలో మార్పరి తనంతట తనే నేర్చుకుంటుంది. మనసు స్థితిని పోల్చుకోవడానికి దానికి కొన్ని నమూనాలు ఇచ్చారు. అవి ఆ ఇద్దరు స్త్రీల శరీరాల నుంచి తీసినవే. బనీన్లు తొడుక్కుని నెలల తరబడి తిరిగి, ఏ వేళ ఏమనిపించిందో గుర్తు తెచ్చుకుని, తెర మీద పడిన ఒక్కో గీతకు ఒక్కో పేరు పెట్టారు. భయం, ఆకలి, కోపం, ఈర్ష్య.

కెరటాలకు ఇద్దరు హుకర్లు. పొట్నూరు అప్పన్న మొదలుపెడతాడు, సూరాడ ధనరాజ్ అందుకుంటాడు. చిన్నప్పుడు ఒకే క్రీడా హాస్టల్లో ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళు. మార్పిడి జరిగినప్పుడల్లా మైదానం అంచు దగ్గర ఒకరి భుజం ఒకరు గుద్దుకుని ఏదో ఒకటి అనుకోవడం వాళ్ళకు అలవాటు.

"ఒళ్ళు దాసుకుని ఆడేవు కదరా, సొక్కా తడవనేదు," అనేవాడు ధనరాజ్.

"నీకోసం ఉంచేన్రా, నువ్వు తడుపు," అనేవాడు అప్పన్న.

మార్పరి వచ్చాక కెరటాలు వరసగా గెలవసాగాయి. మార్పు ఎంత సరిగ్గా పడుతోందంటే, వ్యాఖ్యాతలు ఆట వదిలేసి దాని గురించే మాట్లాడుకునేవారు. ఇందుమతికి సంతోషంతో పాటు చిన్న అనుమానం. చెమటలో తడిసి, దెబ్బలు తిన్న అప్పన్న బనీను నుంచి వచ్చే సంకేతం సగం చెత్తే. దాన్ని బట్టి ఇంత కచ్చితంగా చెప్పడం అసాధ్యం. ఒకరోజు మ్యాచ్ అయ్యాక అడిగింది.

"అప్పన్న అలసిపోయాడని నీకెలా తెలుస్తోంది?"

"అప్పన్న సంకేతం నమ్మదగినది కాదు," అంది మార్పరి. "నేను బెంచీ మీది వ్యక్తిని చూస్తున్నాను. ధనరాజ్‌లో ఒక సంకేతం శిఖరానికి చేరినప్పుడు మార్పు చేస్తే ఫలితం బాగుంటోంది."

"ఏమిటా సంకేతం?"

"నమూనా నాలుగుకు దగ్గర పోలిక. దానికి మీరు పెట్టిన పేరు ఈర్ష్య."

ఇందుమతి తెర మీద గీతను చూసింది. అప్పన్న ఆడుతున్నకొద్దీ ధనరాజ్ గుండె వేగం పెరుగుతుంది, తొడలు బిగుసుకుంటాయి, లేవబోయి ఆగినట్టు వీపు కండరం అదురుతుంది. నమూనా నాలుగు అచ్చం అలాగే ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. శాస్త్రం తెలిసిన మనిషిగా ఆమె ఉన్నదున్నట్టు కోచ్‌కి చెప్పింది.

కోచ్ మజ్జి త్రినాథ్ పెద్దగా నవ్వాడు. "ఇందుమతి గారూ, నాకీ గీతలు తెలీవు గానీ, ఎవుడు కుళ్ళితే జట్టు గెలుస్తాదో తెలిసింది కదా. ఇంకేటి కావాలి."

ఆ తర్వాతి మ్యాచ్ నుంచి, ఆ మంట ఇంకా రగలాలని, ధనరాజ్‌ని లేపి, కాళ్ళు సాగదీయించి, మళ్ళీ కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. సంకేతం మరింత ఎత్తుకు లేచింది. జట్టు ఇంకా గెలిచింది. ఒకనాడు ఆటగాళ్ళందరి ముందూ త్రినాథ్ సరదాగా అన్నాడు, "మన విజయ రహస్యం ఏటనుకున్నార్రా? ధనరాజ్‌గాడి కడుపుమంట. మిషన్ సెప్పింది."

అందరూ నవ్వారు. రిజర్వులో ఉన్న కుర్రాడు ఖలీల్ మరీ గట్టిగా నవ్వాడు. అప్పన్న కూడా నవ్వబోయి, ధనరాజ్ ముఖం చూసి ఆగిపోయాడు.

ఆ సాయంత్రం ధనరాజ్ గాజు గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కోచ్ సెప్పింది నిజమేనా మేడం?"

"నిజమే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు ధనరాజ్. ఎవరికైనా ఉంటుంది."

అతను తన అరచేతులు చూసుకున్నాడు. "నాకైతే అలాగనిపించనేదు. అయినా మన లోపలేటుందో మనకేటి తెలుస్తాది. మిషన్‌కి నా మీద పగేటి, అబద్ధం సెప్పడానికి?"

"ఆట మీద దాని ప్రభావం మంచిదే..."

"ఒకే కంచంలో తిన్నోళ్ళం మేడం. ఆడు బాగా ఆడుతుంటే నాకు కుళ్ళంటే..."

మర్నాటి నుంచి అతను అప్పన్నకు ఎదురుపడటం మానేశాడు. భుజం గుద్దుకోవడం పోయింది. అప్పన్న "నా సొక్కా నీకే ఇచ్చేస్తాన్రా, ఏడవకు" అని కదిపి చూశాడు. అది మరీ చేటు చేసింది. వారం తిరక్కుండానే ధనరాజ్ తనను జట్టు నుంచి వదిలేయమని కోచ్‌ని అడిగాడు. త్రినాథ్ బతిమాలాడు, తిట్టాడు, చివరికి వదిలేశాడు.

బెంచీ మీదికి ఖలీల్ వచ్చాడు. వాడికి దాపరికాలు లేవు. "అప్పన్న అన్న కాలెప్పుడు మడతపడుతుందా అని చూస్తున్నా మేడం," అని ఇందుమతితోనే అన్నాడు. మార్పరికి ఇక ఢోకా లేదని ఆమె అనుకుంది. అయితే ఖలీల్ కూర్చున్న మొదటి మ్యాచ్‌లో మార్పరి ఎంతకీ నోరు విప్పలేదు. ఎండ పదునెక్కింది. యంత్రం చెప్పందే మార్చకూడదని త్రినాథ్ ఆగాడు. అప్పన్న బంతి కోసం వంగినవాడు మళ్ళీ లేవలేదు. మంచుగడ్డల తొట్టెలో పడుకోబెట్టి గంటసేపు కష్టపడితే గానీ కళ్ళు తెరవలేదు. వచ్చే నెల సెమీఫైనల్. ఇంకొక్కసారి ఇలా అయితే బతకడని డాక్టర్లు చెప్పేశారు. "ఆటలోకి దిగకపోతే ఎందుకు బతకడం," అన్నాడు అప్పన్న. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఎందుకు చెప్పలేదు?" అని ఇందుమతి మార్పరిని నిలదీసింది.

"బెంచీ నుంచి సంకేతం రాలేదు. ఖలీల్‌లో నమూనా నాలుగు బలహీనం."

ఇందుమతి కుర్చీలో వెనక్కి వాలింది. అప్పన్న స్థానం కోసం, ఆ చొక్కా కోసం పగలూ రాత్రీ కలవరించే ఖలీల్‌లో ఈర్ష్య లేదట. అలా అనిపించనే లేదన్న ధనరాజ్‌లో పొంగి పొర్లిందట. కొలిచినదానిలో తేడా లేదు. మరి పేరులోనే ఉండాలి.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. చొక్కా మీద ఆశే లేనివాడికి దాని మీద ఈర్ష్య కలగకూడదు. ఆమె ఒక బనీను మడిచి సంచీలో పెట్టుకుని జాలారిపేటకు వెళ్ళింది. ధనరాజ్ అక్క ఇంటి అరుగు మీద కూర్చుని సోలార్ పడవ మోటారు విప్పుతున్నాడు. ఆమెను చూసి లేచాడు.

"సెమీఫైనల్‌కి టికెట్ తెచ్చాను. ఇది తొడుక్కుని గ్యాలరీలో కూర్చోవాలి. అంతే."

"ఇంకా ఏటి కొలుస్తారు మేడం నాలో? ఆట మానీసేను కదా. కుళ్ళిపోడానికేటి మిగిల్లేదు."

"మిగిల్లేదనే రుజువు చేద్దాం."

అతను బనీను తీసుకోలేదు. లోపలి నుంచి అక్క కేకేసింది. "తొడుక్కోరా. రోజూ రేడియో సెవికి ఆనించుకుని అప్పన్న పేరొస్తే సాలు, పని మానేసి కూకుంతాడమ్మా. ఎల్లి కళ్ళారా సూసుకోనీ."

ధనరాజ్ ముఖం తిప్పుకుని చెయ్యి చాపాడు.

సెమీఫైనల్ నాడు గ్యాలరీ పైవరసలో, గొడుగుల మధ్య అతను ఎక్కడో ఉన్నాడు. ఇందుమతికి కనిపించలేదు, మార్పరికి అందుతున్న అతని గీత మాత్రం తెర మీద కనిపిస్తోంది. అప్పన్న బాగా ఆడుతున్నాడు. చకచకా బంతులు అందుకుంటున్నాడు, ఒక్క పాస్ కూడా గురి తప్పలేదు. జనం ఊగిపోతున్నారు. ఖలీల్ బెంచీ అంచున గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అప్పన్న బనీను సంకేతం ఎప్పటిలాగే గజిబిజి. చూసేవాళ్ళెవరికీ అతనిలో అలసట జాడ లేదు.

ధనరాజ్ గీత మాత్రం లేవడం మొదలుపెట్టింది. మెల్లగా, తర్వాత వేగంగా. లేవబోయి ఆగిన వీపు కండరం. మళ్ళీ ఒకసారి. ఈసారి ఆగలేదు. పైవరసలో ఒక మనిషి గొడుగులు తోసుకుంటూ లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు మార్చండి," అంది మార్పరి.

"ఇప్పుడా? ఇంత బాగా ఆడుతుంటేనా?" అని త్రినాథ్ గాజు మీద కొట్టాడు.

"ఇప్పుడే," అంది ఇందుమతి.

త్రినాథ్ తిట్టుకుంటూనే మార్పు పలక ఎత్తాడు. అప్పన్న నడుచుకుంటూ మైదానం అంచు దాకా వచ్చాడు, అది దాటగానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. డాక్టరు అతని ఒళ్ళు పట్టి చూసి, "ఇంకో ఇద్దర్ని పడగొట్టి ఉంటే మనకు దక్కేవాడు కాదు," అన్నాడు.

ఖలీల్ మైదానంలోకి దూకాడు, గొప్పగా ఆడాడు. ధనరాజ్ గీత అతన్ని పట్టించుకోలేదు. అప్పన్న మెడ మీద మంచు తువ్వాలు పడి, అతను నీళ్ళు తాగి, ఎవరినో చూసి నవ్విన క్షణం నుంచి ఆ గీత మెట్లు దిగినట్టు దిగి, చదునుగా పడుకుంది.

ఇందుమతి దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆట ఎప్పుడు అయిపోయిందో, కెరటాలు గెలిచినట్టు ఎప్పుడు ప్రకటించారో ఆమెకు తెలియదు.

"నమూనా నాలుగు పూర్తిగా చూపించు," అంది.

"నమూనా మీరు కత్తిరించినదే. మిగతాది పాత రికార్డుల భాండాగారంలో ఉంది."

"మిగతాదీ చూపించు."

అది ఆమె సొంత గీత. ఏడాది కిందట హైదరాబాద్‌లో, శాస్త్రజ్ఞుల సభలో, మార్పరి గురించి చారుశీల ఒక్కతే మాట్లాడిన రోజు తీసినది. ఇద్దరిలో ఒకరినే వేదిక మీదికి పిలిచారు. కింద మూడో వరసలో బనీను తొడుక్కుని కూర్చున్న ఇందుమతికి ఆ పూట గురించి ఒక్కటే గుర్తుంది, చప్పట్లు మోగినప్పుడు తన గొంతులో లేచిన చేదు. నమూనాలన్నీ ఒకే నిడివిలో ఉండాలని మొదటి భాగాన్ని మాత్రం కత్తిరించి ఉంచుకుని, దానికి ఆ చేదు పేరు పెట్టింది. అబద్ధం రాయలేదనే అనుకుంది.

ఇప్పుడు మొత్తం గీత తెర మీద పరుచుకుంది. మొదట్లో ఏటవాలుగా లేచింది, ఒకచోట నిట్టనిలువుగా ఎగిరింది. తర్వాత మెట్లు దిగింది. అక్కడ చప్పట్లు. ఆ తర్వాత వేరే ఆకారంలో, గోళ్ళతో గీరినట్టు, చివరిదాకా పైకే పోయింది.

దాని పక్కన ఆమె ఈరోజు గీతలు రెండూ పెట్టి చూసింది. మొదటి సగం ధనరాజ్‌ది. రెండో సగం ఖలీల్‌ది. రెండూ తనవే. రెండోది మాత్రమే గుర్తుంచుకుని, దాని పేరు మొదటిదానికి అంటగట్టింది. ఆ పేరు పట్టుకుని ఒక మనిషి తన స్నేహితుడి ముఖం చూడటం మానేశాడు.

త్రినాథ్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఖలీల్‌గాడు ఇయ్యాల బానే కుళ్ళేడన్నమాట."

"అది ఖలీల్ సంకేతం కాదు సార్. ధనరాజ్‌ది. గ్యాలరీలో ఉన్నాడు. అతనిది ఈర్ష్య కాదు, ఎన్నడూ కాదు. అప్పన్న అలసట మనకన్నా, అప్పన్నకన్నా ముందు అతనికి తెలుస్తుంది. ఆ పేరు నేను తప్పుగా పెట్టాను. నా గీతను సగమే చూసి పెట్టాను."

త్రినాథ్ తెర వైపు, ఆమె వైపు చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "అందరి ముందూ అన్నాను కదా," అన్నాడు నెమ్మదిగా. "మళ్ళీ అందరి ముందే సెప్పాలి." గబగబా వెళ్ళిపోయాడు.

గాజు అవతల, బెంచీ దగ్గర, గొడుగుల్లోంచి దిగివచ్చిన ధనరాజ్ మంచు తువ్వాలు పిండుతున్నాడు.

"సచ్చిపోయేవోడివిరా ఎదవా," అంటున్నాడు.

"నువ్వు లేవడం సూసేను కదరా," అన్నాడు అప్పన్న కళ్ళు మూసుకునే. "నన్ను బయటికి రమ్మంటారని అప్పుడే తెలిసింది."

"నమూనా నాలుగుకు కొత్త పేరు చెప్పండి," అంది మార్పరి.

"ఆగు. ముందు ఒకరిని అడగాలి," అని ఇందుమతి ఫోన్ తీసి చారుశీలకు కలిపింది.

"చారూ, హైదరాబాద్ సభలో... నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో ఏమైనా జరిగిందా? నా గీతలో ఒకచోట..."

"మైకు ఆగిపోయింది. చేతిలో కాగితాలు జారి పడిపోయాయి. నాకు నోట మాట రాలేదు," అంది చారుశీల. "అంత పెద్ద హాల్లో నువ్వొక్కదానివే లేచి నిలబడ్డావు ఇందూ," అంది. "గుర్తులేదా నీకు?"