పదకొండో నంబరు గ్రాఫు

"మీరు పాలు తాగారు!"

తలుపు తోసుకుని వచ్చిన రీసెర్చి అబ్బాయిని చూసి కూడా, కుర్చీలో కూర్చున్న పదకొండో నంబరు అమ్మాయి కాళ్లూపడం ఆపలేదు.

"వచ్చీ రాగానే నేరం మోపుతారేమిటండీ? కాస్త కూర్చుని మోపండి."

ల్యాబ్‌లో అందరూ అతన్ని గడియారం అంటారు. ఇన్‌ఫెక్షన్‌కి వేసే కొత్త మాత్ర రక్తంలోకి ఎంత చేరుతుంది, ఎన్ని గంటలు నిలుస్తుంది అని చూడటం అతని పని. అందుకోసం ఇరవై నలుగురు వాలంటీర్లు మాత్ర మింగి, చెప్పిన నిమిషానికి రక్తం ఇస్తారు. పాలు తోడైతే ఈ మందు రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. అందుకే 'పాలు ముట్టరాదు' అని గోడకు కాగితం అంటించిందీ అతనే.

అందరి గ్రాఫులూ కొండలా లేచి దిగాయి. ఈ అమ్మాయిది మాత్రం చాపలా పరుచుకుంది.

"రూలు తప్పితే ఇంకెప్పుడూ రానివ్వరు. నిజం చెప్పండి, తాగారా?"

"తాగాను."

"ఎందుకు?"

"ఇచ్చారు కాబట్టి."

"ఎవరు?"

ఆమె డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్తుంది. తప్పు గేరు వేసినవాణ్ణి చూసినట్టు అతన్ని చూసింది.

"మంగళవారం పొద్దున, ఖాళీ కడుపుతో కళ్లు తిరుగుతున్నాయన్నాను. మీ ఫ్లాస్కులోంచి కాఫీ పోశారు. ఊది చల్లార్చి మరీ ఇచ్చారు. నల్ల కాఫీ కాదండీ అది!"

అతను నిలువునా నీరుగారిపోయాడు. ఆ పొద్దున వాన. ఆమె జుట్టు మీది చినుకు జారి చెంప మీద ఎక్కడ ఆగిందో కూడా అతనికి గుర్తుంది. కాఫీలో పాలున్న సంగతే గుర్తులేదు.

"ఇప్పుడేం చేస్తారు?"

"తప్పెక్కడ జరిగిందో ఫారంలో రాసి మా ల్యాబ్ హెడ్ మేడంకివ్వాలి."

"నామీదకి తోసేయండి. మీ ఉద్యోగం కదా! నాకు పోయేదేముంది, నాలుగు సూదిపోట్లు తప్ప" అంది గానీ, ఆ అనడంలో మునుపటి హుషారు లేదు.

తోసేస్తే ఉద్యోగం మిగులుతుంది. కానీ ఆమె మళ్లీ ఈ గుమ్మం తొక్కదు. అతను తప్పు తనదేనని రాసి, గుండె చిక్కబట్టుకుని మేడం ముందు నిలబడ్డాడు.

మేడం చదివి కళ్లజోడు తీసింది.

"కారణం ఏమరుపాటా? ఇరవై ముగ్గురి దగ్గర రాని ఏమరుపాటు ఒక్కరి దగ్గరే ఎందుకొచ్చిందయ్యా? అసలు కారణం రాయి."

అతను చెమటలు తుడుచుకుని రాశాడు: 'ఆమె ఎదురుగా ఉంటే నాకు రూల్స్ గుర్తుండవు. ఇకమీదట కూడా ఉండకపోవచ్చు.'

మేడం పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది. "వాలంటీర్లను చూసే పని ఇంకొకరికి అప్పగిస్తున్నా. నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూసుకో. పదకొండో నంబరు కూడా స్టడీలో ఉండదు. వెళ్లి ఆమె సంతకం పెట్టించుకురా."

"ఆమె... ఇది చదవాలా మేడం?"

"చదివించకుండా సంతకం పెట్టించడం మన ల్యాబ్‌లో ఉందా?"

ఉద్యోగం దక్కిందన్న సంతోషం కూడా లేకుండా, అతను ఆమెను స్టడీలోంచి తీసేశారని చెప్పి, కాగితం చేతికిచ్చి కిటికీ వైపు తిరిగాడు. ఆమె ఒకసారి చదివింది. మళ్లీ చదివింది.

"స్టడీలో లేనంటే, మీరు నాతో బయట మాట్లాడినా ఏ రూలూ అడ్డు రాదు కదూ?"

"రాదు."

"అమ్మయ్య!"

పెన్ను గీసిన చప్పుడైంది. అతను తిరిగేసరికి ఆమె కాగితం అతని చేతిలో పెట్టి, చెవుల దాకా ఎర్రబడి, వాకిట్లోకి వెళ్లి నిలబడింది.

సంతకం కింద, వాలంటీరు చెప్పదలచుకున్నది రాసే చోట రెండు వరుసలున్నాయి.

'రూలు గుర్తుండే తాగాను. కారణం: ఇచ్చింది ఆయన కాబట్టి.'