పసుపు గీత దాటినవాడు

"ఏమండీ! ఆ గీత గీసింది మీలాంటివాళ్ల కోసమే. వెనక్కి జరగండి!"

ఎవాంథియా అరుపుకు సమాధి రాళ్ల గది మొత్తం ఉలిక్కిపడింది. మొత్తం అంటే అతనొక్కడే. తడిసిన బూడిదరంగు కోటు, చేతిలో గొడుగు.

"ఏ గీత?"

"మీ బూటు కింద ఉంది చూడండి."

"అయ్యో, సారీ! రాయి చల్లగా ఉంటుందేమోనని..."

"రెండువేల ఏళ్లుగా చల్లగానే ఉంది. మీరు చెక్ చేయనక్కర్లేదు."

అతను నవ్వి వెళ్లిపోయాడు.

గ్రీసు దేశపు థెస్సలొనీకి నగరంలోని ఆ మ్యూజియంలో ఎవాంథియా తొమ్మిదేళ్లుగా గార్డు. రోజంతా కుర్చీలో కూర్చోవడమే పని. వచ్చినవాళ్లు ఆమెను అడిగేది ఒక్కటే: "టాయిలెట్ ఎటు?" "ఎడమ పక్క." కొన్ని రోజులు ఆమె నోటి నుంచి వచ్చే మాటలు ఆ రెండే.

మరుసటి శనివారం అతను మళ్లీ వచ్చాడు. బూటు మళ్లీ గీత దాటింది.

"మీకు కళ్లు కనపడవా?"

"కళ్లద్దాలు చేస్తానండీ. ఆర్గిరిస్ నా పేరు. నా చూపుకేం ఢోకా లేదు."

"అయితే బుద్ధికి చేయించుకోండి ఒక జత!"

అలా నాలుగు శనివారాలు గడిచాయి. తిట్లు తగ్గి కబుర్లు పెరిగాయి. శనివారం ఉదయం ప్రదర్శన పెట్టె గాజులో తన జుట్టు చూసుకోవడం ఎవాంథియాకు అలవాటైంది.

ఒకరోజు కాఫీ తాగుతూ ఆ సంగతి స్నేహితురాలు మేల్పోకు చెప్పింది. మేల్పో బైజాంటైన్ మ్యూజియంలో గార్డు.

"బూడిదరంగు కోటా?" మేల్పో పకపకా నవ్వింది. "ఆదివారాలు మా గదిలోనూ గీత దాటుతాడే! రేవు దగ్గర ఫోటో గ్యాలరీలో కూడా తిట్లు తింటాడట!"

ఎవాంథియా సగం కాఫీ వదిలేసి లేచింది.

శనివారం అతను గుమ్మంలో ఉండగానే అడిగేసింది. "వారానికి ఎంతమంది ఆడవాళ్లతో తిట్టించుకుంటారు? సిగ్గనిపించదూ?"

అతని ముఖం పాలిపోయింది. తల వంచుకుని వెళ్లిపోయాడు.

మూడు శనివారాలు అతను రాలేదు. "టాయిలెట్ ఎటు?" "ఎడమ పక్క."

ఆ తర్వాతి ఆదివారం ఆమెకు సెలవు. వాన కురుస్తోంది. ఎవాంథియా టిక్కెట్టు కొని మ్యూజియాలు తిరగడం మొదలుపెట్టింది. బైజాంటైన్ మ్యూజియం అయింది, ఆ రోజు మేల్పో డ్యూటీలో లేదు. తెల్ల బురుజు మ్యూజియమూ అయింది. అతను ఎక్కడా లేడు. మూడు గంటలు తిరిగినా ఎవరూ ఆమెను పలకరించలేదు. తాను అక్కడ ఉన్నట్టే ఎవరికీ తెలియలేదు. అతను గీత ఎందుకు దాటుతాడో అప్పుడు అర్థమైంది ఆమెకు.

రేవు గ్యాలరీలో ఒక పాత ఓడ ఫోటో ముందు నిలబడి ఉన్నాడు ఆర్గిరిస్. చేతులు జేబుల్లో ఉన్నాయి. గీతకు రెండడుగులు ఇవతలే ఉన్నాడు.

"దాటలేదేం?" అంది వెనక నుంచి.

అతను గిరుక్కున తిరిగాడు. "మీరా! ముందొకటి చెప్పాలి. ఇక్కడి గార్డును చూశారా?"

మూలన కుర్చీలో గుబురు మీసాల పెద్దాయన కునుకు తీస్తున్నాడు. ఎవాంథియా నవ్వాపుకోలేకపోయింది.

అతను మాత్రం నవ్వలేదు. "మాది సెర్రెస్ ఊరు. ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. కళ్లద్దాల షాపు వెనక గదిలో ఒక్కణ్ణే అద్దాలు అరగదీస్తాను. శుక్రవారం సాయంత్రం మూసిన నోరు మళ్లీ సోమవారమే తెరిచేది. తిట్టయినా సరే, ఎవరో ఒకరు నాతో మాట్లాడితే చాలనిపించేది. కానీ మీ దగ్గరికి..." ఆగాడు. "మీ దగ్గరికి అందుకు రాలేదు. మొదటి శనివారం తప్ప."

బయట వాన రేవు మీద జోరుగా పడుతోంది. ఎవాంథియా అతని పక్కకు వచ్చి నిలబడింది.

"వసంతంలో అమ్మ పోయింది," అంది మెల్లగా. "అయినా నా చెయ్యి ఇద్దరికే వండుతోంది. తగ్గించడం నాకు చేతకావట్లేదు ఆర్గిరిస్. పొద్దున టమాటాల్లో బియ్యం కూరి వండి, ఓవెన్‌లోనే ఉంచి వచ్చాను. రోజూ సగం పారేస్తున్నాను."

అతను గొడుగు తెరిచి, ఆమె వైపు వంచి పట్టుకున్నాడు.

"ఇంకా లోపలే ఉన్నాం కదయ్యా," అంది ఎవాంథియా కళ్లు తుడుచుకుంటూ. "పద మా ఇంటికి, టమాటాలు పూర్తిగా చల్లారిపోతాయి."