కాలేషా దూదిబండి

"ఇంజన్ పూర్తిగా పట్టేసింది బావా! ఇప్పి బాగుచేసినా లాభం లేదు. వేరే ఇంజన్ ఎక్కియ్యాల... లేదంటే బండిని తుక్కు కింద వదులుకోవాల!"

చేతులకు అంటిన నల్లటి ఆయిలు తుడుచుకుంటూ సాదిక్ ఆ మాట అనగానే జుబేదా గుండె ఒక్కసారి ఆగి మళ్లీ కొట్టుకుంది. అది బాధ కాదు... ఆశ! ఆ ఆశ తన ముఖంలో ఎవరికైనా కనబడుతుందేమోనని ఆమె గబగబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది.

దోర్నాల దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయిన వ్యానును ముందురోజే లారీకి కట్టి మార్కాపురం లాక్కొచ్చారు. సాదిక్ ఆమెకు సొంత తమ్ముడు. ఊరి చివర అతనిదే ఆ మెకానిక్ షెడ్డు.

"తుక్కేంది రా! వేరే ఇంజన్ తెప్పియ్. ఇంకో పదేళ్లు తిరుగుతుంది నా బండి!" అని నవ్వబోయాడు ఆమె భర్త కాలేషా. నవ్వు మధ్యలోనే దగ్గు తెర కమ్ముకొచ్చింది. వ్యాను తలుపు పట్టుకుని వంగిపోయి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

అది వట్టి వ్యాను కాదు. ఇరవై రెండేళ్లుగా వాళ్ల ఇల్లు! డ్రైవరు సీటు వెనక చెక్క మంచం, దాని కింద బియ్యం డబ్బా, పక్కన గ్యాస్ పొయ్యి... వెనక భాగమంతా దూది ఏకే మిషను. వానలు వెనకబడగానే బయల్దేరితే మళ్లీ ఎండలు ముదిరేదాకా ముండ్లమూరు మొదలు గిద్దలూరు వరకూ ఊరూరా తిరిగేవాళ్లు. గట్టిపడిన పాత పరుపులు జనం తెచ్చి పడేస్తే కాలేషా దూది ఏకేవాడు, జుబేదా పరుపు కుట్టేది. ఏ బడి ఆవరణలోనో బండి ఆపుకుని అందులోనే వండుకుని, అందులోనే పడుకునేవాళ్లు. ఒక్కగానొక్క కూతురు ఉజ్మాను అయిదో ఏట బడి కోసం అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టారు. బిడ్డకు జ్వరమొచ్చినా, బిడ్డ మొదటిసారి రంజాన్ రోజా ఉన్నా, చివరికి బిడ్డ పెద్దమనిషి అయినా... ఆ తల్లికి అన్నీ ఫోనులోనే తెలిశాయి!

ఇప్పుడు ఉజ్మా నర్సింగు చదువుతోంది. పోయిన నెల తండ్రిని బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆ పిల్లే. ఇన్నేళ్ల దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఆ పని వెంటనే మానాలని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. "వాళ్లు అట్లనే చెప్తారులే!" అంటూ మెట్లు దిగిపోయాడు కాలేషా. ఉజ్మా మాత్రం తల్లి భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అమ్మా! నాయన ఆ మిషను ముందర ఇంకొక్క ఏడాది నిలబడితే... ఆ తర్వాత నిలబడేది ఉండదమ్మా!"

జుబేదా బతిమాలింది. పోట్లాడింది. రెండు పూటలు అన్నం మానేసింది. ఏం చేసినా ఆ మనిషి వినలేదు. తను చెయ్యలేని పని ఇప్పుడు ఆ ఇంజను చేసిపెట్టింది... దాన్ని మళ్లీ బతికించనిస్తుందా?

మధ్యాహ్నం కాలేషా నమాజుకు వెళ్లగానే ఆమె తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"సాదిక్... బండి అడుగు చాసిస్ మొత్తం తుప్పు తినేసిందని, కొత్త ఇంజన్ బరువు మొయ్యదని మీ బావకు చెప్పు."

సాదిక్ నిర్ఘాంతపోయాడు. "ఏం మాట్లాడుతున్నావక్కా? చాసిస్ ఇనుపగుండు లెక్కుంది! నాకు స్పానర్ పట్టేది నేర్పించిందే బావ. ఆయన దగ్గర అబద్ధం చెప్పమంటావా?"

"నీ కాళ్లు పట్టుకుంటా రా! బండి ఆగితేనే ఆ మనిషి ఆగుతాడు. నీ అక్క పసుపుకుంకుమలు అడుక్కునే జాతి కాకపోవచ్చు గానీ... మొగుడు కావాలని అడుక్కుంటుంది రా!" ఆమె నిజంగానే వంగబోయింది. సాదిక్ అక్క భుజాలు పట్టుకుని లేవదీశాడు. అతని కళ్లూ తడిశాయి.

మర్నాడు పొద్దున్నే నేల చూపులు చూస్తూ బావకు ఆ మాట చెప్పేశాడు.

కాలేషా ఒక్కసారి బండి కిందికి దూరి చూస్తే తెలిసిపోయేదే... చూడలేదు! "నువ్వు చూసి చెప్పినాక ఇంక నేను చూసేదేముంది లే సాదిక్," అన్నాడు. ఆ నమ్మకం జుబేదా గుండెలో సూదిలా దిగింది.

కోరుకున్నదంతా దొరికింది ఆమెకు. నాలుగు గోడల అద్దె ఇల్లు, కదలని పొయ్యి, సాయంత్రమయ్యేసరికి కాలేజీ నుంచి వచ్చి ఒడిలో తలపెట్టుకునే కూతురు! కానీ కాలేషా గడప మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయేవాడు. పెట్టింది రెండు పిడికెళ్లు తిని లేచిపోయేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి, "జుబేదా... ఈ వారం మనం ఏ ఊళ్లో ఉండాల్సింది?" అని అడిగాడు. ఆమె వంటింట్లోకి పరుగెత్తింది.

తుక్కు కొనేవాళ్లు వచ్చే రోజు రానే వచ్చింది. సామాను దించుకోవడానికి ఇద్దరూ షెడ్డుకు వెళ్లారు. అప్పటికే ఒకతను గ్యాస్ కట్టర్ సిద్ధం చేసుకుంటున్నాడు. కాలేషా బండి చుట్టూ నెమ్మదిగా తిరిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"దీని తప్పేం లేదు సాదిక్... నాదే తప్పు. ఏడాదికొకసారైనా కిందికి దూరి తుప్పు గీకి రంగేసుకోవాల్సింది. ఇన్నేళ్లు అన్నం పెట్టినదాన్ని నా బద్ధకంతో నేనే చంపుకున్నా!"

జుబేదాకు ఇక ఓపిక మిగల్లేదు.

"ఆపండి! ఆపండయ్యా!" కట్టర్ పట్టుకున్న మనిషికి అడ్డంగా వెళ్లి నిలబడింది. "తుప్పు లేదు, ఏమీ లేదు! నేనే అబద్ధం చెప్పించినా! ఈ బండి ఆగిపోవాలని నేనే..." మాట పూర్తికాకుండానే నేల మీద కూలబడి బావురుమంది.

కాలేషా అరవలేదు. అరిచినా బాగుండేదేమో!

"ఇరవై రెండేళ్లు ఒకే చెక్క మీద పడుకున్నాం జుబేదా. నాతో చెప్పలేక... నా చేతిలో పని నేర్చుకున్నోడితో చెప్పిస్తావా?"

"చెప్తే నువ్వు విన్నావా? నీ ప్రాణం కోసం చేసినా!" అంది ఏడుస్తూ. మరుక్షణమే తల అడ్డంగా ఊపింది. "కాదు... అంతా నీ కోసమే కాదు. నేను అలిసిపోయినా! నా బిడ్డను పెంచుకోలేదు నేను. ఒక ఊరు నాదనుకోలేదు. ఈ బండి మీద నాకు కక్ష! అది ఆగిపోతే సంతోషపడినా... నన్ను ఏమన్నా చెయ్యి!"

కాలేషా ఆమె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"మా నాయన కూడా ఈ దగ్గుతోనే పోయినాడు. నాకు డాక్టర్ చెప్పకముందే తెలుసు..."

"తెలిసీ ఎందుకయ్యా?"

"కూర్చుంటే రోగినైపోతా. తిరుగుతా ఉంటే మంచిగున్నాడులే అనుకుంటావని... నువ్వు ఏడుస్తావని భయపడినా."

ఆమె అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "ఇంజన్ వేయించుకో. నీ ఇష్టం. నేనూ వస్తా... ఎంతవరకైతే అంతవరకు."

ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడలేదు. నాలుగోరోజు సాదిక్‌ను పిలిపించి ఇంజన్ తెప్పించమన్నాడు. కొత్తగా వచ్చిన ఆ పాత ఇంజన్ బిగిస్తున్నంతసేపూ కాలేషా బావమరిది పక్కనే నిలబడి ప్రతి బోల్టూ తన చేత్తోనే బిగించాడు. ఆఖరుకు వెనక్కి వెళ్లి దూది మిషను విప్పి కిందికి దించాడు.

"దీన్ని అడిగేవాళ్లు ఉన్నారు బావా," అన్నాడు సాదిక్.

"ఇంకొకరి ఊపిరి తీసేదానికా? తుక్కుకు ఇయ్యాల్సింది దీన్ని. బండిని కాదు."

తనిక తిరగనని కాలేషా అమ్మకానికి పెట్టిన బండిని అర్ధవీడు వాళ్లు ఏబేలు, కృప అనే కొత్త జంట కొనుక్కున్నారు. కూలి పనులు గిట్టక, తిరునాళ్లకు తిరిగి టిఫిన్లు అమ్ముకుందామని వాళ్ల ఆలోచన. కాలేషా తనే నడిపి, వాళ్లు మొదట వ్యాపారం పెట్టబోయే దోర్నాల వరకు తీసుకెళ్లి అప్పగిస్తానన్నాడు. దారంతా జుబేదా పక్క సీట్లో కూర్చుంది. ఇంజన్ చప్పుడు కొత్తగా, హాయిగా ఉంది. తాళాలు ఇస్తూ, "ఎత్తు ఎక్కేటప్పుడు తొందరపెట్టొద్దు నాయనా," అన్నాడు ఏబేలుతో. కృప ఆ చెక్క మంచం మీద తన దుప్పటి పరుచుకుంటుంటే జుబేదా కళ్లు చెమర్చాయి. కక్ష అనుకున్నది... ఎప్పుడు ఇంత ప్రేమ అయిందో!

తిరుగు ప్రయాణం బస్సులో. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ప్రతి మలుపులోనూ కాలేషా కుడికాలు ఉత్త నేలను అదుముతూనే ఉంది.

"ఈ డ్రైవరు గేరు లేటుగా మారుస్తున్నాడు," అని గొణిగాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్ని రోజుల తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అది!

"ఇంకెప్పుడూ అబద్ధం చెప్పొద్దు జుబేదా."

"చెప్పను. నువ్వూ దాచొద్దు."

అతను జవాబు చెప్పబోయాడు... దగ్గు వచ్చింది. పొడవాటి, లోతైన దగ్గు. ఈసారి నవ్వుతో దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం చెయ్యలేదు. అలాగే పక్కకు ఒరిగి, బస్సులో అందరూ చూస్తున్నా, తలను భార్య భుజం మీద ఆనించుకున్నాడు. "నొప్పిగా ఉంది," అన్నాడు చిన్నగా.

ఆమె ఏడవలేదు. అతని వీపు నిమురుతూ మార్కాపురం వచ్చేదాకా అలాగే కూర్చుంది.